అరవై నాలుగు సమ్మతాలు

నీళ్ళు వదలడమంటే కుళాయి తిప్పినంత సులువనుకుంటారు జనం. నీళ్ళాయన చేసే పని ఒక్కరోజు దగ్గరుండి చూస్తే ఆ మాట అనరు. రోడ్డు మధ్యలో ఇనుపమూత ఉంటుంది. వంగి దాన్ని లేపాలి. కింద నడుంలోతు గుంట, గుంట అడుగున వాల్వు. తలమీద అడ్డకడ్డీ ఉన్న నాలుగడుగుల ఇనుప తాళంచెవిని దాని నెత్తిన కూర్చోబెట్టి ఇరవైమూడు చుట్లు తిప్పాలి. పద్దెనిమిదో చుట్టుదాకా ఏమీ వినపడదు. ఆ తరవాత గొట్టం గొంతు సవరించుకున్నట్టు గరగరమంటుంది, వెనకే వరసంతా బిందెల చప్పుడు. వీధికి నాలుగు వరసలు, వరసకో వాల్వు. గంట పోయాక నాలుగింటినీ మళ్ళీ వెనక్కి తిప్పాలి. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి మోకాళ్ళు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. ఆయనా ఎవరికీ చెప్పడు.

పేరొకటి ఉంది, ఆఫీసు హాజరుపట్టీలో. వీధిలో దాంతో ఎవరికీ పని పడలేదు. పెద్దవాళ్ళకి నీళ్ళాయన, పిల్లలకి నీళ్ళ మావయ్య, ఆడవాళ్ళకి అన్న. ఇరవై ఆరేళ్ళు ఇలాగే గడిచిపోయాయి.

ఆ వీధిలో వరసకి పదహారు చొప్పున అరవై నాలుగు ఇళ్ళు. రెండంతస్తుల పాత కట్టడాలు. కప్పులు పెచ్చులూడుతుంటాయి, గోడల్లో చెమ్మ, మెట్లకింద ఎవరిదో తెలియని తుప్పు సైకిళ్ళు. వీటన్నిటినీ పడగొట్టి అక్కడే తొమ్మిదంతస్తుల భవనాలు లేపుతామని నగరపాలక ఆఫీసు రెండేళ్ళుగా అంటోంది. అవి లేచేదాకా, అంటే మూడేళ్ళు, వీధి మొత్తం ఊరిచివర రేకుల గదుల్లో ఉండాలి. ముందు జనం అభిప్రాయం తీసుకోవాలని పైనుంచి ఆదేశం. టాబ్లెట్లు ఇచ్చి కొందరు కుర్రాళ్ళని పంపారు. ఏ తలుపూ తెరుచుకోలేదు. ఒకింట్లో అయితే లోపల్నించే "ఇంట్లో ఎవరూ లేరు" అని జవాబొచ్చింది. అప్పుడు చిన్న ఇంజనీరుకి నీళ్ళాయన గుర్తొచ్చాడు.

"పెద్దాయనా, మీకైతే ప్రతి తలుపూ తెరుచుకుంటుంది," అని కాగితాల కట్ట చేతిలో పెట్టాడు. "శుక్రవారం సాయంత్రం లోపు తెచ్చివ్వండి చాలు."

ఇంటికో కాగితం. అందులో మూడు గళ్ళు. సమ్మతం, అసమ్మతం, చెప్పలేను. కింద ఇతర అభిప్రాయాలకి వేలెడు ఖాళీ. ఉన్న ఇల్లు కూలగొడతామంటే ఒక కుటుంబానికి ఎన్ని మాటలుంటాయో అవన్నీ ఆ వేలెడులో సర్దుకోవాలి.

నీళ్ళాయన రోజుకో వరస పెట్టుకుని నాలుగు రోజుల్లో పూర్తి చేశాడు. అరవై నాలుగు ఇళ్ళు, అరవై నాలుగు సమ్మతాలు. చెప్పలేను అన్నవాళ్ళు కూడా లేరు. పురికొసతో కట్ట కట్టి, ఇంటికి తెచ్చి అలమరమీద పెట్టాడు. కుర్రాళ్ళ వల్ల కానిది తన వల్ల అయిందని లోపల కాస్త గర్వం కూడా.

ఆయన భార్య ఉతికిన బట్టలు మడతపెడుతూ విన్నది.

"ఒక్కళ్ళు కూడా కాదనలేదా?"

"ఒక్కళ్ళూ అనలేదు."

"ఆ వీధివాళ్ళేనా? ఎవరి గోడమీద ఎవరు దుప్పటి ఆరేశారని నాలుగు రోజులు మాట్లాడుకోకుండా ఉండే రకం. ఇల్లే పడగొడతామంటే అందరూ తలూపారా?"

"మంచి జరుగుతుందంటే ఊపరా?"

"నువ్వు చెప్పావా మంచి జరుగుతుందని?"

"నేనేం చెప్పలేదు. కాగితం ఇచ్చాను, తీసుకున్నాను."

"ఏమో నాయనా," అందావిడ చొక్కా చేతులు వెనక్కి మడుస్తూ. "మన పక్కింటి ముగ్గురు మనుషులు ఏ ఛానెల్ పెట్టాలో తేల్చుకోడానికే రోజూ యుద్ధం."

నీళ్ళాయన నవ్వేసి పడుకున్నాడు. మర్నాడు పొద్దున్న మూడో వరస వాల్వు తిప్పి నడుం పట్టుకుని లేస్తుంటే, బట్టలు కుట్టే ఆవిడ బిందె చంకనేసుకుని వచ్చి పక్కన నిలబడింది. ఆవిడ కింది గదిలోనే మిషను వేసుకుని బతుకుతోంది.

"అన్నా, ఒక మాట. మేం కాగితంలో టిక్కు పెట్టేశాం గదా. ఇంక మా వరసకి ఇబ్బందేం ఉండదుగా?"

"ఏం ఇబ్బంది?"

"అదే, నీళ్ళకి."

ఆయన బుర్రకి వెంటనే ఎక్కలేదు. "కాగితానికీ నీళ్ళకీ ఏం సంబంధమమ్మా?"

"నువ్వు అలాగే అనాలిలే. నీ ఉద్యోగం నీది." ఆవిడ గొంతు తగ్గించింది. "కాగితాలన్నీ నీ చేతికొచ్చేదాకా నువ్వు మూత లేపావా ఆ రోజు? చివరింటి పెద్దమ్మ కళ్ళజోడు దొరకలేదని నాన్చుతుంటే మేమంతా పోయి నాలుగు తిట్టి మరీ పెట్టించాం. ఆవిడ పెట్టాకే కదా నీళ్ళొచ్చింది."

నీళ్ళాయన మూతని గుంటమీదికి జరిపి ఆ నాలుగు పొద్దులూ తలుచుకున్నాడు.

జరిగింది అదే. జనం అంతా ఒక్కసారే ఇళ్ళలో దొరికేది పొద్దున్న ఆరింటికే. ముందే నీళ్ళు వదిలేస్తే అందరూ కుళాయిల దగ్గరుంటారు, కాగితం మొహం చూసేవాడుండడు. అందుకని ముందు కాగితాలు తీసుకుందాం, తరవాత వాల్వు తిప్పుదాం అనుకున్నాడు. పని తేలికవుతుందని తప్ప ఇంకో ఆలోచన లేదు. కాని అవతలివాళ్ళకి కనపడిందేమిటి? భుజాన తాళంతో గుమ్మంలో నీళ్ళవాడు, చేతిలో ఆఫీసు కాగితం, ఎండిపోయిన కుళాయి. కాగితాలిచ్చిన వరసకి నీళ్ళు వచ్చాయి. ఇరవై ఆరేళ్ళలో ఆయన కావాలని ఎవరికీ నీళ్ళు ఆపలేదు. ఆ సంగతి తనకి తెలుసు గనక అందరికీ తెలుసనుకున్నాడు.

నిజమో కాదో తేల్చుకోవాలని రెండో వరసలో డ్రాయింగు మాస్టారి గుమ్మం ఎక్కాడు. ఆయన రిటైరై పదేళ్ళయింది, మంచానపడ్డ అక్కగారిని చూసుకుంటూ ఉంటాడు. ఆయన కాగితంలో సమ్మతంతోపాటు కింది ఖాళీలో "చాలా సంతోషం" అని కూడా రాసి ఉంది.

"మాస్టారూ, నిజంగానే మీకు సంతోషమా?"

మాస్టారు ఆయన్నీ తాళాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఏం, సంతోషం సరిపోలేదా? ఇంకా ఎక్కువ రాయమంటారా?"

"అది కాదండీ."

"ఇంట్లో పక్కమీద మనిషి ఉంది. రోజుకి రెండుసార్లు దుప్పట్లు తడపాలి. నీళ్ళు రాకపోతే నేనేం చెయ్యను? ఏం కావాలో చెప్పండి, రాసిచ్చేస్తాను. నాకు ఓపిక లేదు."

నీళ్ళాయన అక్కణ్ణించి సరాసరి ఆఫీసుకి వెళ్ళాడు.

చిన్న ఇంజనీరు చెడ్డవాడేం కాదు. కళ్ళకింద నలుపు, బల్లమీద పదకొండు వీధుల ఫైళ్ళు, టీ చల్లారి మీగడ కట్టింది. అంతా విని కణతలు నొక్కుకున్నాడు.

"అరవై నాలుగుకి అరవై నాలుగు. ఇంత శుభ్రంగా ఏ వీధీ రాలేదు పెద్దాయనా. దాన్నెందుకు కెలుకుతారు?"

"అది వాళ్ళ అభిప్రాయం కాదు సార్. బిందె నిండాలన్న ఆత్రం."

"అభిప్రాయాలన్నీ అలాగే ఉంటాయండీ. ఎవరి ఆత్రం వాళ్ళది."

"అయ్యుండొచ్చు సార్. ఈ ఆత్రం మాత్రం నేను పుట్టించింది."

ఇంజనీరు కుర్చీ వెనక్కి వాలాడు. "మీకు ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. పైవాళ్ళకి ఈ సంగతి తెలిస్తే నీళ్ళు ఆపి సంతకాలు పెట్టించాడని మీమీదే రాస్తారు. ఆలోచించుకోండి."

"ఆలోచిస్తే కాళ్ళు రావు సార్. ఖాళీ కాగితాలు ఇప్పించండి."

ఇంజనీరు ఫైళ్ళు పక్కకి జరిపాడు. అడుగునుంచి ఒక ఖాళీ నమూనా తీసి ఇచ్చి, "జిరాక్సు మీరే తీయించుకోండి. శుక్రవారం దాటితే నా దగ్గరికి రాకండి," అన్నాడు.

గురువారం పొద్దున్న వేళ తప్పకుండా నాలుగు వరసలకీ నీళ్ళు వదిలాడు. అందరి డ్రమ్ములూ నిండేదాకా ఆగి కట్టేశాడు. తాళం ఇంట్లో పెట్టి, ఖాకీ చొక్కా విప్పి గళ్ళ చొక్కా తొడుక్కుని, పదింటికి వట్టి చేతులతో, అంటే కాగితాలతో, బయల్దేరాడు. ఆ చొక్కాలో ఆయన్ని కొందరు పోల్చుకోలేదు. పోల్చుకున్నవాళ్ళు కంగారుపడ్డారు.

"మొన్న పెట్టాం గదా అన్నా."

"అది చెల్లదమ్మా. నీళ్ళకీ దీనికీ సంబంధం లేదు. కూల్చొద్దంటే వద్దని పెట్టండి, కావాలంటే కావాలని పెట్టండి. ఎటు పెట్టినా రేపు ఆరింటికి నీళ్ళొస్తాయి."

ఈ నాలుగు ముక్కలూ అరవై నాలుగుసార్లు చెప్పాలి. ఇరవయ్యో ఇంటికే గొంతు జీరబోయింది.

బట్టలు కుట్టే ఆవిడ తడుముకోకుండా మళ్ళీ సమ్మతమే పెట్టింది. "నీకోసం కాదన్నా, నిజంగానే. మొన్న కప్పు పెచ్చు ఊడి కత్తిరించిన బట్టమీద పడింది. అర అంగుళం ఇటైతే నా నెత్తిమీద పడేది. మూడేళ్ళు రేకుల కిందైనా కుట్టుకుంటాను."

మాస్టారు అసమ్మతం పెట్టాడు. ఇతర అభిప్రాయాల దగ్గర పెన్ను ఆపాడు. "మూడేళ్ళ తరవాత ఐదో అంతస్తులో ఇల్లిస్తారట. మా అక్క మూడేళ్ళుంటుందా, ఆ మాట ఇందులో ఎలా రాయను?" అని ఏమీ రాయకుండానే ఇచ్చేశాడు.

ఇస్త్రీ బండివాడు చెప్పలేనులో పెట్టాడు. "నా బండి ఏ అంతస్తులో పెట్టుకోవాలో చెప్పమను, అప్పుడు చెబుతాను. లిఫ్టులో బొగ్గులు పట్టనిస్తారా బాబాయ్?"

మొదటి వరస అన్నదమ్ముల ఇంట్లో అన్న సమ్మతం అన్నాడు, తమ్ముడు అసమ్మతం అన్నాడు.

"నువ్వెప్పుడూ ఉన్నదాన్ని పడగొట్టేవాడివే," అన్నాడు తమ్ముడు.

"నువ్వెప్పుడూ ఉన్నదాన్ని పట్టుకు వేళ్ళాడేవాడివే," అన్నాడు అన్న.

కాగితం ఇద్దరి చేతుల్లో పడి రెండు ముక్కలయింది. ఇంకోటి ఇచ్చాడు. అదీ చిరిగింది. వదినగారు వంటింట్లోంచి వచ్చి, "మా ఇంట్లో ఎవరూ లేరని రాసుకోండి," అని తలుపేసింది.

అన్నిటికంటే అలుపు తెప్పించినవాళ్ళు కాదన్నవాళ్ళు కారు, అరిచినవాళ్ళు కారు. నమ్మనివాళ్ళు. నాలుగో వరసలో ఒకావిడ గుమ్మం దాటి రాకుండానే అంది: "మొన్న అడిగింది నువ్వే, ఇవాళ అడిగేదీ నువ్వే. ఎవరు కాదంటారో చూద్దామని వచ్చావా? మేం అంత అమాయకులం కాదులే. పాతదే ఉంచు." ఆయన కాగితాన్ని కట్టలోకి తోసేశాడు. ఆవిడ స్థానంలో ఉంటే తనూ అదే అనేవాడు. ఆ మెట్లు దిగడానికి పట్టిన టైము ఎక్కడానికి పట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి లెక్క తేలింది. సమ్మతం ఇరవై ఒకటి. అసమ్మతం ఇరవై ఏడు. చెప్పలేను తొమ్మిది. కాగితం చేతికి రానివి ఏడు. పాత కట్టని పొయ్యిలో పెడదామా అని భార్య అడిగింది. వద్దన్నాడు. రెండు కట్టలూ తీసుకెళ్ళి ఇంజనీరు బల్లమీద పక్కపక్కన పెట్టి, ఏ కట్ట ఎలా రాయించిందీ ఒక తెల్లకాగితంమీద సంతకంతో రాసిచ్చాడు.

ఇంజనీరు కొత్త కట్ట తిరగేశాడు. తెల్లకాగితం రెండుసార్లు చదివాడు.

"దీన్నిబట్టి అనుమతి రాదు. సభ పెట్టాలి. జనాన్ని పిలవాలి, మైకు పెట్టాలి, తిట్లు తినాలి. తినేది మీరు కాదు, నేను."

నీళ్ళాయన ఊడిన పురికొస పాత కట్టకి మళ్ళీ బిగించాడు.

"ఇంకో సంగతి. సోమవారం నుంచి మీరు ఆ వీధికి వెళ్ళకూడదు. సభ అయ్యేదాకా కాదు, అసలే వద్దు. నీళ్ళు మీ చేతిలో ఉన్నన్నాళ్ళూ అక్కడ ఎవరూ నోరు విప్పరు. పంపుహౌసుకి వేస్తున్నాను. శిక్ష అనుకోకండి."

"అనుకోను సార్," అన్నాడు నీళ్ళాయన. మెట్లు దిగుతుంటే మాత్రం శిక్షలాగే ఉంది. ఇంజనీరు అన్నదాంట్లో తప్పెక్కడుందా అని వెతికాడు. దొరకలేదు. తప్పు దొరికితే కొంచెం తిట్టుకోడానికైనా వీలుండేది.

పంపుహౌసు ఊరికి ఆ చివర. వంగక్కర్లేదు, మూత లేపక్కర్లేదు. మీట నొక్కితే మోటారు లేస్తుంది, మీటరులో ముల్లు కదులుతుంది, అది చూపే అంకె గంటకోసారి పుస్తకంలో రాయాలి. మోకాళ్ళకి హాయి. కాని ఇక్కణ్ణించి పోయే నీళ్ళు ఎవరి బిందెలో పడుతున్నాయో తెలియదు. మొదటి వారం ఆయన పద్దెనిమిదో చుట్టు దగ్గర వినపడే గరగర కోసం ఊరికే చెవి ఒగ్గేవాడు. మోటారు రొదలో ఏదీ వినపడేది కాదు.

రెండో వారంలో ఫోను మోగింది. బట్టలు కుట్టే ఆవిడ.

"అన్నా, ఏడున్నరయింది, మా వరసకి చుక్క రాలేదు."

"నేనిప్పుడు ఆ వీధి కాదమ్మా. ఆఫీసు నంబరు ఇస్తాను, చెయ్యి."

"ఆఫీసుకా? చేస్తే మా పేరు రాసుకుంటారేమో. అసమ్మతం పెట్టినందుకే ఇలా చేస్తున్నారని అంటున్నారు అందరూ."

"నువ్వు పెట్టింది సమ్మతం కదా."

"నేనైతే పెట్టాను. వరసలో మిగతావాళ్ళు పెట్టలేదుగా."

నీళ్ళాయన గోడకి ఆనుకున్నాడు. కొత్తవాడు బహుశా ఆ వాల్వుకి పదిహేడు చుట్లే తిప్పి చాలనుకుని ఉంటాడు. ఆ మాటే చెప్పాడు. ఇంకో ఆరు చుట్లు తిప్పమని వాడికి చెప్పమన్నాడు, కాగితానికీ దీనికీ సంబంధం లేదని అరవై అయిదోసారి చెప్పాడు.

"సరేలే అన్నా," అందావిడ, నమ్మినట్టు కాదు, ఆయన్ని నొప్పించలేక.

"సభ ఎప్పుడో తెలిసిందా?"

"వచ్చే బుధవారమట."

"వెళ్ళు. పెచ్చు సంగతి చెప్పు. మాస్టార్ని కూడా రమ్మను, ఆయనది ఆయన చెబుతాడు."

"చూస్తాను. బుధవారం డెలివరీలున్నాయి." మళ్ళీ అడిగింది, "నువ్వొస్తావా అన్నా?"

"నేను రాకూడదమ్మా."

అవతల్నుంచి ఎవరో బిందె పక్కకి జరిపిన చప్పుడొచ్చింది, తరవాత ఫోను ఆగిపోయింది. గంటకోసారి రాసే వేళయినట్టుంది. నీళ్ళాయన కళ్ళజోడు పెట్టుకుని ముల్లు ఎక్కడుందో చూసి, ఆ అంకె పుస్తకంలో ఎక్కించాడు.