దసూకీ మింగిన నాలుగు రంగులు

మా ఊరి కాలువ మీద వంతెన నేను రాసిన అర్జీతోనే వచ్చింది. ఆరో తరగతి చదువుతోనే సాధించాను. మందుల దుకాణమూ నా అర్జీదే. అంతకుముందు తలనొప్పికి కూడా తంతా పట్నం దాకా పోయేవాళ్ళం. దుకాణం వచ్చాక మాత్రల విలువ అందరికన్నా బాగా తెలిసినవాడు మా చెల్లెలు నబవియ్యా మొగుడు దసూకీ.

అతను కునాఫా అనే మిఠాయి చేసేవాడు. చిల్లుల గిన్నెతో పిండిని తిరిగే వేడి రేకు మీద సన్నటి దారాలుగా పోసేవాడు. రంజాన్‌లో ఏనాడూ పొయ్యి ఆర్పలేదని గొప్పగా చెప్పుకొనేవాడు. అది నిజమే, నేనే సాక్షిని.

ఆ యేడు ఉపవాసాల నడుమ అతనికి జలుబు, జ్వరం, పంటిపోటు కలిసి వచ్చాయి. మా దుకాణంలో జలుబు అంటే చాలు, రకరకాల మాత్రలు విడిగా తీసి కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. పేర్లు ఎవరూ అడగరు. దసూకీ పసుపుబిళ్ళ ఉన్న ఆ పొట్లానికి తోడు తలనొప్పికి తెల్లబిళ్ళ, పంటికి గులాబీది, జ్వరానికి నారింజరంగు పొడి కొన్నాడు. పగలు నీళ్ళయినా ముట్టడు కనుక రోజంతటి మందూ సాయంత్రం ఇఫ్తార్‌కీ తెల్లవారుజాము సహర్‌కీ మధ్యనే లోపలికి పోయేది.

"ఇన్నెందుకయ్యా?" అంది నబవియ్యా.

"ఒకే రంగువి రెండు మింగితే కదే ప్రమాదం. ఇక్కడ ఏ రెండూ ఒక రంగు కావు, చూసుకో."

కొన్నాళ్ళకు వాంతులయ్యాయి. మర్నాటికి తగ్గాయి. జ్వరం బయటికి పోయిందని చెప్పి పొయ్యి రాజేశాడు, నాకో పళ్ళెం కునాఫా కూడా పంపాడు. ఆపైన కుడి డొక్కలో నొప్పి మొదలైంది, కళ్ళు పచ్చబడ్డాయి. తంతాకు తీసుకుపోయాం. వంతెన లేకపోతే ఇంకా ఆలస్యమయ్యేది.

అక్కడి డాక్టరమ్మ మా దుకాణానికి ఫోన్ చేసి కనుక్కొని వచ్చింది.

"నాలుగు రంగుల్లోనూ ఉన్నది ఒకటే మందు, హాజీగారూ. పారాసిటమాల్. తగుమాత్రంగా వేసుకుంటే కాలేయం అరిగించుకుంటుంది. ఎక్కువైతే విషం పేరుకుంటుంది. దాన్ని విరిచే సరుకు కాలేయం దగ్గర కొంతే ఉంటుంది, పస్తుల్లో ఇంకా తగ్గుతుంది. అదీ అయిపోతే విషం కాలేయాన్నే తింటుంది."

"మొన్న బాగానే ఉన్నాడమ్మా," అన్నాను.

"దీని మోసమే అది. మీరు తగ్గిందనుకున్న రోజే లోపల చెడిపోతోంది. విరుగుడు ఎక్కిస్తున్నాం. మొదటిరోజే తెచ్చుంటే బతుకుతాడని గట్టిగా చెప్పేదాన్ని."

దసూకీ కళ్ళు తెరిచి, "పొయ్యి?" అన్నాడు.

అదృష్టం, కాలేయం నిలదొక్కుకుంది. పండగ దాటాక ఇంటికొచ్చాడు.

"పొయ్యి ఎప్పుడు ఆర్పేశారు?" అన్నాడు గుమ్మంలోనే.

"ఆర్పడమెందుకు? నేను పోశాగా," అంది నబవియ్యా.

"జనం అడిగారా?"

"ఆఁ, అడిగారు. దారం ఇంత సన్నగా ఎట్లా వస్తోందని."

దసూకీ రేకు వంక చూశాడు. తల పోటుగా ఉందన్నాడు. నబవియ్యా గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.