నేపుల్స్ పాటకు తంబురా శ్రుతి

మా ముత్తాతగారిని పన్నెండు ఊళ్ళవాళ్ళు దివాణంవారు అనేవారు. తాతగారి హయాంలో దివాణం పోయింది. ఆస్థాన విద్వాంసుల్లో ఒక్కరు మాత్రం, వెళ్ళడానికి వేరే చోటు లేక, మా ఇంట్లోనే ఉండిపోయారు. ఆయన దగ్గర నేను పదేళ్ళు సంగీతం నేర్చుకున్నాను. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. కొంచెం గొప్ప కోసమూ చెబుతున్నాను. మొన్న ఇక్కడ కెనడాలో, మిస్సిసాగాలో ఒక బేకరీ వరుసలో నిలబడి ఉండగా స్పీకర్లో ఇటలీవాళ్ళ పాత నేపుల్స్ పాట ఒకటి వచ్చింది. "శ్రుతి ఎక్కువ" అన్నాను పైకే. ముందున్నావిడ తిరిగి చూసింది. ఆ పాట గురించి నేను ఆ మాట అనడం రెండోసారి. మొదటిసారి అన్నప్పుడు ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు.

ఇక్కడి కాలేజీలకు మనవాళ్ళు గుంపులుగా వచ్చిపడుతున్న రోజులవి. టొరంటో శివారు స్కార్‌బరోలో ఏ బేస్‌మెంటు తలుపు తట్టినా తెలుగు వినిపించేది. నలభయ్యో ఏట నేనూ ఆ గుంపులో ఒకణ్ణి. మొదటిరోజు క్లాసులో నన్ను చూసి ప్రొఫెసరనుకుని నలుగురు లేచి నిలబడ్డారు. ఆ పొరపాటు నేను వెంటనే సరిదిద్దలేదు. మా బేస్‌మెంటులో రెండో మంచం కరీంనగర్ నుంచి వచ్చిన రూమ్మేటుది. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వేర్‌హౌస్ షిఫ్టుకు బయలుదేరితే, "డబ్బాలు మోయనీకి పోతున్నవా అన్నా, పెండ్లిచూపులకా?" అనేవాడు.

పైన ఇంటివారు ఉండేవారు. ఇంటాయన కుర్రతనంలో నేపుల్స్ నుంచి వచ్చి, ఇటుకల పని చేసి ఆ ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం టమాటా గుజ్జు ఉడుకుతున్న వాసనతో పాటు ఆ పాట రికార్డు కిందికి దిగి వచ్చేది. తకిట తకిట అని ఊగే మూడేసి దెబ్బల నడక. చరణం కింది గాంధారంతో దిగులుగా సాగి, పల్లవి రాగానే పై గాంధారానికి మారేది. సంగీతం తెలియనివారికి చెప్పాలంటే, మబ్బు విడిపోయి వీధంతా ఎండ పడినట్టుండేది. రికార్డుతో పాటు ఆయనా పాడేవారు. సరిగ్గా ఎండ పడే చోట గొంతు చీలేది. మళ్ళీ మొదటి నుంచి. నెలరోజుల్లో వాళ్ళ పెళ్ళికి యాభై ఏళ్ళు నిండుతాయి. పెళ్ళిరోజున భార్యకు ఆ పాట పాడబోయి అక్కడే గొంతు చీలిందట, బంధువులు నవ్వారట. ఈసారి అదే చర్చి హాల్లో, మిగిలిన ఆ బంధువుల ముందే పాడి నెగ్గాలని ఆయన పంతం.

మూడో ఆదివారం నేనిక పట్టలేక మెట్లెక్కి వెళ్ళి, "శ్రుతి ఎక్కువైంది, దించుకోండి" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "రికార్డు ఆ శ్రుతిలో ఉంది. మా నాన్న దానిలోనే పాడాడు. దించితే ఓడిపోయినట్టే. నువ్వు ఇల్లు ఖాళీ చెయ్యి!"

వంటగదిలోంచి ఆయన భార్య కేకేసింది. "ఇంట్లో సగం నాది. ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. పెళ్ళిరోజున కోడిపుంజులా కూశావు, ఆ అబ్బాయి చెప్పేది విను." నన్ను అబ్బాయి అన్న ఆఖరి మనిషి ఆవిడే.

దించితే ఓడిపోయినట్టే. వేర్‌హౌస్‌లో మొదటి డబ్బా ఎత్తిన రోజు నేనూ అదే అనుకున్నాను. ఆ సంగతి ఆయనతో అనలేదు. "మా ఇంట శ్రుతి పాటకుండదు, పాడేవాడికి ఉంటుంది. ఎంతటి విద్వాంసుడైనా తన గొంతుకు తంబురా సరిచేసుకున్నాకే మొదలుపెట్టేవాడు. ఇంకొకరి శ్రుతిలో అరవడం మర్యాద కాదు" అన్నాను. మర్యాద అన్న మాట ఆయనకు తగిలింది. కుర్చీ చూపించారు.

ఫోనులో తంబురా పెట్టాను. ఒక మెట్టు దించాం, అప్పటికీ ఆయన మెడ నరాలు లేచాయి. రెండో మెట్టు, ఫరవాలేదు. మూడో మెట్టు దగ్గర ఆయన భుజాలు వాటంతటవే కిందికి జారాయి. నడక కూడా ఆయన మోకాళ్ళ వేగానికి తగ్గింది. రికార్డులో పడవ మీంచి కుర్రాడు కేకేసినట్టుండే పాట, ఒడ్డుకు చేరినవాడు తీరిగ్గా చెప్పే కబురులా మారింది. రూమ్మేటు మెట్ల మీద నిలబడి, "మంచిగున్నది గదా! ఇన్ని రోజులు ముసలాయన్ని ఎందుకు ఒర్రనిచ్చినవ్ అన్నా?" అని నా మీదే పడ్డాడు.

చర్చి హాల్లో మైకు పక్కన నా ఫోను, బల్ల మీద రూమ్మేటు వేళ్ళ తకిట. పల్లవి దగ్గరికి వస్తుంటే ముందు వరసలో ఒక ముసలి బావమరిది నవ్వడానికి సిద్ధంగా పెదవులు సవరించుకున్నాడు. గొంతు పైకి వెళ్ళింది, అక్కడ నిలబడింది, తనకిష్టమైనప్పుడు దిగింది. బావమరిది నోరు అలాగే ఉండిపోయింది. ఆయన భార్య లేచి, "ఇది ఇంత మంచి పాటా! యాభై ఏళ్ళుగా నాకెవరూ చెప్పలేదే!" అంది. హాలంతా నవ్వు. ఆవిడ నన్నూ డాన్సుకు లాగింది. "జర నడుము వంచన్నా, స్టడీ పర్మిట్ ఏం క్యాన్సిల్ గాదు!" అని రూమ్మేటు అరిచాడు. కొంచెం వంచాను.

పెద్దాయన చెమట తుడుచుకుంటూ వచ్చి, మా ఇంట్లో ఏం వాయించేవారని అడిగారు. వీణ అన్నాను. ఈసారి ఊరెళ్ళినప్పుడు తీసుకురా, వింటానన్నారు. తప్పకుండా అన్నాను. అప్పట్లో నాకు అబద్ధం చెప్పడం కన్నా నిజం చెప్పడమే చిన్నతనంగా ఉండేది. ఇన్నేళ్ళకు ఆ బిగువు సడలింది. మా వీణను నేను విమానం ఎక్కడానికి ముందు వారమే, మొదటి సెమిస్టర్ ఫీజు కోసం, పెట్టెతో సహా అమ్మేశాను.