నీలం గళ్ళ గుడ్డముక్క

పువ్వు ముఖం చూసి మోసపోకూడదంటుంది మా పిన్ని. ఎవరు పువ్విచ్చినా ముందు దాన్ని తిరగేసి వెనక చూస్తుంది. "ముఖానిదేముందే, అది చివరిదాకా నవ్వుతూనే ఉంటుంది. వయసు తెలిసేది వెనక రేకుల్లోనే. గట్టిగా ఉంటే సరే, తడిసి ఆరిన కాగితంలా ఉంటే దాని పని అయిపోయిందన్నమాట." నా పెళ్ళిలో మా అత్తగారు ఎంతో ముచ్చటపడి తెచ్చిన పూలగుత్తిని కూడా పదిమందిలో అలాగే తిరగేసింది. "అయ్యో, మిమ్మల్ని మోసం చేశారండీ, ఇవి నిన్నటివి" అంది. అప్పట్నుంచి మా అత్తగారు మా ఇంటికి బిస్కెట్లు తెస్తుంది గానీ పూలు తేదు.

పిన్ని వాళ్ళ ఇంట్లో ముందు సగం బాబాయి లాండ్రీ, వెనక సగం పిన్ని తోట. ముందు ఇస్త్రీ పెట్టె ఆవిర్లు, వెనక బురద బకెట్లు, మధ్యలో ఇరుకు వంటగది. బట్టలకొచ్చినవాళ్ళు గల్లా పక్కన బకెట్లో ఉన్న పూలు కూడా కొనుక్కుపోతారు. బాబాయికి మురికి కంటపడితే అన్నం సయించదు. పిన్నికి గోళ్ళలో మట్టి లేకపోతే పొద్దుపోదు. వీళ్ళిద్దరికీ ముడి వేసినవాళ్ళెవరో గానీ బాగా హాస్యం తెలిసినవాళ్ళు.

పిన్నికి అన్ని పూలూ ఇష్టమే గానీ ప్రాణం మాత్రం డాలియాల మీద. గులాబీని మొగ్గగా కోసినా నీళ్ళలో విచ్చుకుంటుంది. డాలియా అలా కాదు, మొక్క మీద ఎంత విచ్చితే అంతే. కోశాక ఇంక ఒక్క రేకు కూడా కదలదు. అందుకని పిన్ని పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, పూర్తిగా విచ్చినవే చూసి కోస్తుంది. కోసినవి కోసినట్టే చేతిలోని బకెట్లో వేస్తుంది, కింది ఆకులు దూసేస్తుంది, కాడల చివరలు వేడినీళ్ళలో ముంచి ఆ నీళ్ళు చల్లారేదాకా వదిలేస్తుంది. దాంతో రెండ్రోజుల పువ్వు ఐదారు రోజులు నిలుస్తుంది. పూల దగ్గర పండిన పండు ఉండకూడదు, దాని గాలికి పూలు తొందరగా వాడిపోతాయి. ఒకసారి బాబాయి గల్లా దగ్గర ఆపిల్ కొరుకుతూ కనబడ్డాడు. ఆ మనిషిని సగం ఆపిల్‌తో సహా వీధిలోకి పంపించింది.

డాలియాలకి ఇంకో చాదస్తం ఉంది. చలికాలపు వానకి దుంపలు నేలలో కుళ్ళిపోతాయి. పూలయ్యాక తవ్వి తీసి, కొట్టుగదిలో రంపపు పొట్టులో దాచి, మళ్ళీ వెచ్చబడ్డాక నాటాలి. పూసినప్పుడు ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. తవ్వి తీస్తే అన్నీ ఒకటే దుంపలు, ఏది ఏదో దేవుడు కూడా చెప్పలేడు. అందుకని పిన్ని పూలుండగానే ప్రతి మొక్క మొదట్లో ఒక పాత గుడ్డముక్క కట్టేది. ఎర్రపువ్వుకి ఎర్రగుడ్డ, పసుప్పచ్చకి పసుప్పచ్చ. చీటీ మీద రాస్తే వానకి చెరిగిపోతుంది, గుడ్డ చెరగదు కదా అనేది. ఆ గుడ్డతోనే దుంపని తవ్వేది, ఆ గుడ్డతోనే దాచేది.

వాటిలో ఒకదానికి నీలం గళ్ళ గుడ్డ ఉండేది. డాలియాలలో నీలం రంగు లేదు. ఆ గుడ్డ మా అమ్మది.

అమ్మ పిన్నికి అక్క. సెలవు దొరికితే చాలు, తలకి నీలం గళ్ళ గుడ్డ చుట్టుకుని చెల్లెలి తోటలో దిగిపోయేది. ఒక ఏడు, రాలిన గింజొకటి తీసి పిడి విరిగిన టీ కప్పులో గుచ్చింది. పిన్ని నవ్వింది. డాలియా గింజ తల్లిని పోలి పుట్టదు, ఏం పుడుతుందో తెలీదు, చాలాసార్లు ఎందుకూ పనికిరానిదే పుడుతుంది. కానీ అమ్మ కప్పులో పుట్టింది మాత్రం చూడాల్సిన పువ్వు. రేకులు పాలమీగడ రంగు, ప్రతి రేకు కొసనా వంకాయరంగు చుక్క, ఎవరో కలంతో కూర్చుని పెట్టినట్టు. "ఏం పేరు పెడదామక్కా?" అని పిన్ని అడిగితే, "పేరెందుకే? పిలిస్తే పలుకుతుందా?" అంది అమ్మ.

ఆ మరుసటేడు అమ్మ పోయింది. ఆవిడ ఫోటోలున్నాయి, బట్టలున్నాయి, ముక్కు మీది కోపం నాకొచ్చింది. కానీ అమ్మ చేతి నుంచి వచ్చి ఇంకా పెరుగుతున్నది ఆ ఒక్క దుంపే, పాడవుతుందేమోనన్న భయంతో పిన్ని దాన్ని విడదీసేది కూడా కాదు. అలాంటిది ఇంకెక్కడా లేదు. గింజ నాటినా మళ్ళీ అదే రాదు. పిన్ని ఒక పువ్వుని సన్నటి పొడి ఇసుకలో, రేకు రేకు మధ్యకీ చెంచాతో ఇసుక పోసి ఎండబెట్టి గాజు సీసాలో పెట్టింది. ఆకారం నిలిచింది గానీ రంగు వెలిసిన టీ నీళ్ళలా అయిపోయింది. "ఎండబెట్టినదాన్ని చూసుకోవచ్చు, పలకరించలేం" అనేది పిన్ని.

నిరుడు చలికాలం నా కాన్పుకి పిన్ని మా ఇంటికి వచ్చింది. పాపని చూసుకుంటూ వెచ్చబడేదాకా ఉండిపోయింది. దుంపలు నాటే వేళయిందని తను బయల్దేరితే, నేనూ పాపని తీసుకుని కూడా వెళ్ళాను. వీధి గుమ్మంలోనే బాబాయి ఎదురొచ్చాడు. మొహం వెయ్యి దీపాలు పెట్టినట్టు వెలిగిపోతోంది.

"ముందు కొట్టుగదిలోకి రా. నీకోసం ఒక పని చేశాను" అన్నాడు పిన్నితో.

వెళ్ళి చూశాం. గది అద్దంలా ఉంది. దుంపలన్నీ మట్టి కడిగి, తుడిచి, చిన్నవి ఒక పెట్టెలో, పెద్దవి ఒక పెట్టెలో పేర్చి ఉన్నాయి. పక్కన బల్ల మీద గుడ్డముక్కలు. అన్నీ విప్పి, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, రంగుల వారీగా దొంతి పెట్టాడు.

"ఎంత మురికి పట్టిపోయాయో! ఎవరైనా చూస్తే లాండ్రీవాడి ఇంట్లో ఇదేంటి అనుకోరూ?" అన్నాడు. "అదీగాక నువ్వు ఏటా మిగిలిన దుంపలు పదిమందికీ పంచుతావుగా. ఈసారి ఆ శ్రమ కూడా లేకుండా బట్టలకొచ్చినవాళ్ళకి తలో దుంప చేతిలో పెట్టాను."

పిన్ని అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. పెట్టెలోంచి ఒక దుంప తీసుకుని, అలవాటు కొద్దీ తిరగేసి చూసింది.

"వెనక కూడా ఏమీ లేదే" అంది నాతో.

బాబాయికి అప్పుడు అర్థమైంది. ఆ వెలుగంతా ఒక్క క్షణంలో దిగిపోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. "నీ శుభ్రం తగలెయ్య! మా అమ్మని ఎవడి బట్టల మూటలో పెట్టి పంపించావు బాబాయ్?" అని కేకలేశాను. నా అరుపులకి పాప లేచి ఏడుస్తుంటే, పిన్నే లేచి ఎత్తుకుంది.

"ఊరుకోవే. కావాలని చేశాడా? ఉన్నవన్నీ నాటుదాం. మన దగ్గరే ఉందేమో, ఎవరు చూడొచ్చారు!" అంది.

గోతులు బాబాయే తవ్వాడు. మోకాళ్ళ దాకా బురదతో, చేతులు కడుక్కోకుండా టీ తాగుతున్న బాబాయిని చూడటం నాకు అదే మొదటిసారి. పైకి కోపంగానే ఉన్నాను గానీ లోపల జాలేసింది. ఇస్త్రీ చేసిన గుడ్డముక్కలు పిన్ని సొరుగులో దాస్తుంటే గమనించాను, వాటిలో నీలం గళ్ళది లేదు. అదీ పారేశాడు కాబోలు, గోరుచుట్టు మీద రోకటిపోటెందుకులే అని పిన్నికి చెప్పలేదు.

మొలకలొచ్చాయి. ఎర్రపూలవాటికి చాలావరకు కాడ నల్లగా ఉంటుంది కాబట్టి అవి కావని పిన్ని ముందే లెక్కలోంచి తీసేసింది. లేతాకుపచ్చ కాడలవి కొన్ని మిగిలాయి. నేను ఆదివారం ఆదివారం పాపని చంకనేసుకుని బస్సెక్కి వచ్చేదాన్ని. మొగ్గలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. ఒకటి తెలుపు, ఒకటి గులాబీ, ఒకటి నారింజ. ఆఖరి మొక్క మొగ్గ కొసన మీగడ రంగు తొంగిచూసింది. ఆ వారమంతా మాకు నిద్రల్లేవు. తీరా విచ్చాక నిమ్మపండు పసుపు.

"దాని తప్పేముంది, పసుపూ రంగే కదా" అని పిన్ని దాన్ని కోసి బకెట్లో పెట్టింది. తర్వాత వంటగదిలోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి వదిలేసింది. బాబాయి, నేను ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇంక మిగిలింది పంచేసిన దుంపలే. "ఎవరెవరికిచ్చావో చెప్పు" అని నేనడిగితే బాబాయికి ఒక్క పేరూ తెలీదు. కానీ బట్టలు మాత్రం గుర్తున్నాయి. "ఊదారంగు స్వెట్టరుకి ఒకటిచ్చా. సిరామరకల చొక్కాకి ఒకటి. మోచేతులు అరిగిపోయిన కోటుకి ఒకటి..." అని చదివాడు. ఆ ఆదివారం నుంచి బాబాయి పెందరాళే షట్టరు దించేసి మాతో బయల్దేరేవాడు. వీధి వీధీ తిరిగి, ఆరేసిన బట్టలు చూసి ఇళ్ళు గుర్తుపట్టేవాడు. పరాయివాళ్ళ లోబట్టల కేసి అంత శ్రద్ధగా చూసే పెద్దమనిషితో తిరగడం మా పరువుకేం మంచిది కాదు.

ఊదా స్వెట్టరావిడ ఇంట్లో పూసింది ఎరుపు. పైగా వాడిపోయినవి కూడా మొక్క మీదే వేలాడుతున్నాయి. పిన్ని తట్టుకోలేకపోయింది. "కొయ్యండమ్మా! కోస్తేనే మళ్ళీ పూస్తుంది. దాచుకుంటే అది ముసలిదై కూర్చుంటుంది" అని, అక్కడికక్కడే కత్తెర అడిగి మొక్కంతా బాగుచేసి, ఆవిడ చేత కాడలు వేడినీళ్ళలో పెట్టించి గానీ కదల్లేదు. సిరామరకల చొక్కా ఇంట్లో మొక్కే లేదు. మొలకలోనే నత్తలు తినేశాయన్నారు. బయటికొచ్చాక పిన్ని గోడ పట్టుకుని నిలబడింది. అదే అయ్యుంటుందేమోనని ముగ్గురికీ అనిపించింది.

అరిగిన కోటాయన ఒక పాత మేడలో, పై అంతస్తులో ఒంటరిగా ఉంటాడు. అసలు తోటే లేని ఇల్లు. ఆశ లేకుండానే మెట్లెక్కాం. మలుపులో, కిటికీ కింద, ఒక నూనె డబ్బాలో నిలబడి ఉంది. పాలమీగడ రంగు. ప్రతి రేకు కొసనా చుక్క.

పిన్ని దాన్నే చూస్తూ మెట్టు మీద కూర్చుంది. అలికిడికి కోటాయన తలుపు తీశాడు. బాబాయి నసుగుతూ సంగతంతా చెప్పాడు.

"నేనది కూరదుంప అనుకున్నానండీ" అన్నాడు ఆయన. "బట్టలతో పాటు కూరలు కూడా ఇస్తున్నారేమిటా అని ఉడకబెడదామని నీళ్ళు కూడా పెట్టాను. తీరా చూస్తే ఇంత మొలక. చేతులు రాలేదు." డబ్బాకి అడ్డంగా ఒకడుగు వేశాడు. "ఇప్పుడు పొద్దున్నే లేవగానే దీన్ని పలకరిస్తే గానీ నాకు తోచదు. మీది అంటే ఇవ్వాల్సిందే... కానీ..."

అది మా అమ్మది అని నోటిదాకా వచ్చింది. పిన్ని నా చెయ్యి గట్టిగా నొక్కింది. లేచి వెళ్ళి, పువ్వుని రెండువేళ్ళతో మెల్లిగా తిరగేసి వెనక చూసింది.

"ఇవాళే విచ్చిందే మీ అమ్మ" అంది నాతో.

తర్వాత ఆయనవైపు తిరిగింది. "ఇది మీ దగ్గరే ఉంటుందండీ. మీరు ఉడకబెట్టకుండా ఉంచారు, అంతకన్నా ఏం కావాలి? చలికాలం ముందు తవ్వి విడదీస్తే ఒక దుంప నాలుగవుతుంది. అప్పుడొచ్చి నాకొక్కటి తీసుకుంటాను. ఈలోపల గుర్తుకి ఒక్క గుడ్డముక్క కట్టుకోనిస్తారా?"

ఆయన తలూపాడు. పిన్ని సంచీ వెతికింది, నేను నా జేబులు వెతికాను. ఒక్క పేలిక లేదు. అప్పుడు బాబాయి చొక్కా జేబులో చెయ్యిపెట్టి, నాలుగు మడతల గుడ్డముక్క తీశాడు. నీలం గళ్ళు.

"ఇన్నాళ్ళూ నీ దగ్గరే ఉందా? రోజుకో చొక్కా మారుస్తావు కదా బాబాయ్!" అన్నాను.

"చొక్కాతో పాటు ఇదీ మార్చుకుంటూ వచ్చా" అన్నాడు, నేల చూస్తూ. "దొరికిన రోజు చేతిలో లేకపోతే మీ పిన్ని ఏం కడుతుంది?"

పిన్ని ఆయన్ని చూసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు, రెండూననుకుంటాను. "మళ్ళీ దీన్ని ఉతికారంటే చెప్తా" అంది.

"ఉతకాల్సొస్తే మొక్కతో సహా ఉతుకుతాలే" అన్నాడు బాబాయి.

కాడ మొదట్లో గుడ్డ చుట్టి పిన్ని ముడెయ్యబోయింది. గంజి మరీ గట్టిగా పెట్టాడు కాబోలు, ముడి బిగియడం లేదు, జారిపోతోంది. బాబాయి కూర్చుని ఒక కొస పట్టుకున్నాడు, పాపని కోటాయన చేతికిచ్చి నేను మధ్యలో వేలు పెట్టి అదిమాను. మొత్తానికి ముడి పడింది.