తెల్లరంగు బర్రె

1973లో నాకు మదీనాగూడ పశువుల దవాఖానలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా పోస్టింగు వచ్చింది. పేరు పొడుగే కానీ, డాక్టర్లలో అది అన్నిటికన్నా కింది మెట్టు. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు బండలూ బర్రెలే ఉండేవి.

ఒకరోజు నల్లగండ్ల నుంచి పాలమ్ముకునే నర్సమ్మ కబురు పంపింది. ఉన్న ఒక్క బర్రె మేత ముట్టడం లేదట. ఆ పాలతోనే ఆమె ఇల్లు గడిచేది. వెళ్లి చూస్తే బర్రె తెల్లగా ఉంది. కొమ్ముల నుంచి తోకదాకా ఆయిల్ పెయింటు.

బొంబాయి నుంచి వచ్చిన ఒక కళాకారుడి ఘనకార్యం అది. బొమ్మ గీయడం పాతకాలపు పనట, ఆలోచనే కళ అట. నలుపును రద్దు చేయడం ఈయనగారి ఆలోచన. ఆలోచన ఆయనది, బర్రె నర్సమ్మది.

"సదర్ పండుగకు ఏసినట్ల కొమ్ములకు రంగేస్తడనుకున్న సారూ. గిట్ల జేస్తడని నాకేం ఎరుక," అందామె.

బర్రె పళ్లు కొరుకుతూ గోడకు తల ఆనించి నిలబడింది. చూపు పోయింది. ఒళ్లు నాకి నాకి రంగులో ఉండే సీసం అనే విషలోహాన్ని మింగిందని అర్థమైంది. కడుపులో ఉన్నది బయటికి పోవడానికి మెగ్నీషియం సల్ఫేటు తాగించి, రంగు గీకేయమన్నాను. ఫొటోలు తీసే మనిషి ఇంకా రాలేదు, అందాకా ముట్టుకోవద్దని అక్కడే ఉన్న కళాకారుడు అడ్డం పడ్డాడు. నాకు ఒళ్లు మండింది. నర్సమ్మ ఆయన్ని పక్కకు నెట్టి, కొడవలి తెచ్చి తానే గీకింది. ఒక పక్క అయ్యేసరికే బర్రె కూలబడింది. విరుగుడు ఇంజెక్షను సిటీ నుంచి వచ్చేలోపే ప్రాణం పోయింది.

తెల్లారి ఆయన మళ్లీ వచ్చాడు. పరామర్శకేమో అనుకున్నాను. రంగు మిగిలిన పక్క తోలు ఒలిపించి ఇస్తే ఢిల్లీలో ప్రదర్శనకు పెడతానన్నాడు. చావుతో తన కృతి సంపూర్ణమైందట.

"పాలిచ్చేదాన్ని చంపినవ్, ఇగ తోలు గూడ గావాల్నా నీకు? ఇయ్య, పో," అంది నర్సమ్మ.

అయినా ఆయన కదల్లేదు. విషం తిని చచ్చిన పశువును పూడ్చేముందు, ఎవరూ తవ్వి తోలు ఒలుచుకుపోకుండా ఒంటినిండా కత్తిగాట్లు పెట్టి సున్నం చల్లడం మా పద్ధతి. నర్సమ్మను అడిగితే కానియ్యమంది. ఆయన కళ్లముందే కత్తి పట్టాను. కళాఖండాన్ని ధ్వంసం చేస్తున్నానని పైవాళ్లకు ఫిర్యాదు చేస్తానన్నాడు. చేసుకోమన్నాను.

ఆ గాట్లు తోలు దొంగల కోసమని కాలేజీలో చెప్పారు. చదువుకున్నవాళ్ల కోసం ఇంకాస్త లోతుగా పెట్టాలని నల్లగండ్లలో నేర్చుకున్నాను.