తేదీల బావ

మరదళ్ళందరూ అతన్ని తేదీల బావ అంటారు. ఫలానా పెళ్ళికి వాన పడిందా అని అడిగితే కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తీరిగ్గా తుడిచి, ఆ వాన ఎన్నింటికి వెలిసిందో కూడా చెబుతాడు. అలాంటి మనిషి పాత ఫోటోలు పది ఏరి స్కాన్ చేయిస్తే, కంప్యూటరు ప్రతి ఫైలుకీ స్కాన్ చేసిన తేదీనే వేసింది. "మన వంశమంతా మొన్న మంగళవారమే ఊడిపడ్డట్టుంది," అని భార్య దగ్గర వాపోయాడు. వారం రోజులు కూర్చుని, ఫోటోలకి పాతదాంతో మొదలుపెట్టి ఒకటి నుంచి పది దాకా నంబర్లు పెట్టి, అసలు తేదీల జాబితా రాసుకుని, వాటిని వరసగా ఫైళ్ళకి తగిలించే చిన్న కంప్యూటరు ప్రోగ్రాం రాశాడు.

ఆదివారం అత్తగారితో సహా అందరినీ కూర్చోబెట్టి, తేదీల వరసలో ఫోటోలు వేశాడు. మొదట తన నిశ్చితార్థం. తర్వాత ఒళ్ళో పసిపాప, కింద పెళ్ళి తేదీ. ఆ తర్వాత పెళ్ళి. "అయితే మీ పెళ్ళికి నేనూ వచ్చానన్నమాట," అంది కాలేజీకెళ్ళే కూతురు. భార్య మొహం తిప్పుకుని నవ్వు ఆపుకుంటోంది. అతను కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "కంప్యూటరు ఒకటి అంకెతో మొదలయ్యే నంబర్లన్నీ ఒకచోట పెడుతుందండీ అత్తయ్యగారూ. అందుకే రెండు కన్నా ముందు పది వచ్చేసి, పెళ్ళి తేదీ పాప ఫోటోకి పడింది."

అత్తగారు తెర మీంచి చూపు తిప్పలేదు. "దాని సంగతి నాకేం తెలుసు బాబూ. తేదీల్లో మీరు పొరపాటు పడరని ఇన్నేళ్ళూ నలుగురికీ చెప్పుకుంటున్నాను."