మంచు మీద పాలోడు

రెండేండ్ల సంది అనుకొని గుల్మార్గ్ పోతే, స్కీలు కట్టుకొని పొద్దటి సంది పడుతనే ఉన్న. నాతోని వచ్చినోళ్లందరు ఆఫీసోళ్లు. పట్నంల మా జహనుమా బస్తీల మాకు బర్రెలున్నయని చెప్పనీకి సిగ్గయ్యి, బిజినెస్ అని చెప్పిన.

ఇగ నాతోని కాదని గ్లౌజులు తీసేసిన. స్కీయింగ్ నేర్పే కశ్మీరీ పెద్దాయన నా బొటనవేలు కణుపు మీద కాసిన కాయ చూసి, "పాలు పిండుతవా భాయ్?" అని ఉర్దూల అడిగిండు. తన వేలు చూపిచ్చిండు. గసొంటి కాయనే! మంచు కరిగినంక ఆయనకు ఆవులే బతుకుదెరువట.

"మోకాళ్ల నడుమ బకీటు వెట్టుకున్నట్టు కూసో. గట్లనే సగం లెవ్వు."

లేసిన. కిందిదాంక పడకుండ జారిన.

"ఎక్కడ నేర్చుకున్నవన్నా?" అని మావోళ్లు అడిగిండ్రు.

"బర్రెల కాడ," అని చెప్పిన.