గట్టు మీద నుంచి చూసిన తోట

నలభై ఏళ్లుగా మోస్తున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. అసలు ఆవిడకే చెప్పలేను, ఎందుకో మీకే తెలుస్తుంది.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. బొప్పాయి తోటల్లో వైరస్ తెగులు ఎంతుందో లెక్కగట్టే పని నాది. ప్రతి చెట్టూ చూడక్కర్లేదు. ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా నడుస్తూ పదో చెట్టు, మళ్లీ పదో చెట్టు చూడాలి. అంచునే ఆగిపోవద్దని మా పై ఆఫీసర్లు మరీ మరీ చెప్పారు. తెగులు మోసే పురుగు బయటి నుంచి వస్తుంది, ముందు గట్టు వెంట చెట్లే చెడతాయి. చూసినవాటిలో సగానికి మించి చెడితే, పక్క తోటలకు అంటకుండా మొత్తం కొట్టించేయాలి.

సబ్బవరం దగ్గర అప్పలనర్సమ్మ అనే ముసలావిడ తోట. ఫ్యాక్టరీకి పొలం పోయాక ఉన్నదంతా ఊడ్చిపెట్టి వేసుకుంది. ఆ పొద్దున్నే నీళ్లు పెట్టడంతో లోపలంతా బురద. సాయంత్రం దువ్వాడలో నాకు పెళ్లిచూపులు. వేసుకున్నది కొత్త ప్యాంటు. ఛీ, రాయడానికే సిగ్గుగా ఉంది.

“లోపలికి రా బాబూ, లోపలి సెట్లు బాగున్నాయి, సూడు,” అని బతిమాలింది. అక్కర్లేదన్నాను. గట్టు మీద నుంచే లెక్కపెట్టి, లోపలివి కూడా చూసినట్టు ఫారం నింపేశాను. సగం దాటింది.

కొట్టేసే రోజు నేనూ వెళ్లాను. నడిమి వరసలు పచ్చగా, నిండా కాయలతో ఉన్నాయి.

“ఏటి బాబూ, ఈటికి కూడా తెగులేనా?”

“లోపల ఉంటుందమ్మా. పైకి కనబడదు.”

అప్పుడైనా ఆపమని అనొచ్చు కదా? ఉద్యోగం పోతుందన్న భయమా, లేక పెళ్లి కుదిరిన సంబరంలో ఆ ముసలావిడ ఏడుపు నాకు చిన్నదిగా కనబడిందా అని ఇన్నేళ్లూ నన్ను నేనే అడుగుతున్నాను, ఏ జవాబు చెప్పుకున్నా మర్నాటికి నిలవడం లేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడి, చెట్లన్నీ కొట్టించేశాను. అంతే.

ఆమె నమ్మింది. మనవలు తింటారేమోనని కాయలన్నీ గొయ్యి తీసి పాతేసింది. తరవాత ఫ్యాక్టరీ పనిలో సిమెంటు తట్టలు మోసింది. ఓసారి బస్సులో కనబడి, “నువ్ సెప్పబట్టే పక్కోళ్ల తోటలు బతికాయి బాబూ,” అని దండం పెట్టింది. నేనూ తిరిగి దండం పెట్టాను.

ఆమె పోయింది. మీకు చెబితే ఆమెకి చెప్పినట్టు కాదని తెలుసు. అయినా రాస్తున్నాను. అప్పలనర్సమ్మ తోటలో తెగులు అంచునే ఉంది. లోపలి చెట్లు నేను చూడలేదు.